చవక గది, వాచిన మోకాలు

టర్కీ దక్షిణ తీరం వెంట అంతాల్యా నుంచి ఫెతియే వైపు డీ-400 అనే రోడ్డు పోతుంది. ఒక పక్క టారస్ కొండలు, ఇంకో పక్క మధ్యధరా సముద్రం. మలుపు మలుపుకీ నీళ్ళ రంగు మారుతుంది. అంత అందమైన దారిలో నేను ఎక్కువసేపు చూసింది ఫోన్లో రాసుకున్న ఖర్చుల పద్దునే. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మాది జీతాల సంసారం. ఈ ప్రయాణం కోసం చాలాకాలం కూడబెట్టాం. డబ్బు సంగతి నేను చూసుకుంటానన్నాను, మా ఆయన సరేనన్నారు. హైదరాబాద్‌లో కూర్చునే ప్రతి ఊళ్ళోనూ అన్నిటికన్నా చవక గది వెతికి బుక్ చేశాను. ఎన్ని ఊళ్ళు తిరిగితే అంత గిట్టుబాటు అనుకున్నాను. నిజానికి ఊరు మారిన ప్రతిసారీ బస్సు చార్జీ, సామాను మోత, సగం రోజు పోతాయి. అంతాల్యాలో గది ఎంత చవకో ఊరికి అంత దూరం. మిగిలిందనుకున్న డబ్బు టాక్సీలకే సరిపోయింది.

పైగా నేను రాసుకున్న ధరలన్నీ పాతవి. 2022 అక్టోబరులో టర్కీలో ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. అలాంటి చోట కిందటేడు ఎవరో చెప్పిన భోజనం ధర పట్టుకుని వెళ్తే ఏం లాభం? ఏటీఎంలో ఇంకో పొరపాటు చేశాను. డబ్బు తీసేటప్పుడు రూపాయల్లో లెక్క కట్టమంటారా అని మిషన్ అడిగింది. రూపాయలు కనిపిస్తే ధైర్యంగా ఉంటుందని ఔనని నొక్కాను. అలా నొక్కితే మారకం రేటు ఆ మిషన్ వాళ్ళు వేసిందే, అందులో వాళ్ళ లాభం కలిసే ఉంటుంది. వద్దని నొక్కి, లీరాల్లోనే తీసుకోవాలి.

ఇవన్నీ డబ్బుతో పోయేవి. చిరాలిలో జరిగింది వేరు.

చిరాలి సముద్రపు ఒడ్డున చిన్న పల్లె. పెద్ద బస్సు అక్కడిదాకా పోదు, కొండ మీద రోడ్డు మలుపులో దింపేస్తుంది. అక్కణ్ణించి కిందికి 7 కిలోమీటర్లు. మలుపులో డోల్ముష్ నిలబడి ఉంది. డోల్ముష్ అంటే మినీబస్సు, సీట్లు నిండితేగానీ కదలదు. సీజన్ అయిపోవస్తోంది, మేమిద్దరం తప్ప మనిషి లేడు. ఖాళీ సీట్ల డబ్బు కూడా ఇస్తే ఇప్పుడే బయల్దేరతానని డ్రైవరు వేళ్ళు చూపించి చెప్పాడు. నేను ఒప్పుకోలేదు.

"దిగుడే కదండీ, నడిచేద్దాం" అన్నాను.

మా ఆయన మోకాలి నొప్పి నాకు తెలియనిది కాదు. అయినా ఆయన ఏమీ అనలేదు. పెట్టె చక్రాలు కంకర మీద దొర్లకపోతే ఎత్తి పట్టుకున్నారు. సగం దారిలో రోడ్డు పక్క రాతి మీద కూర్చుని ప్యాంటు పైకి మడిచి చూసుకున్నారు. మోకాలు వాచి, చర్మం బిగుసుకుని మెరుస్తోంది.

మేం చిరాలికి వచ్చిందే యనార్తాష్ కోసం. అక్కడ కొండ రాళ్ళ సందుల్లోంచి సహజవాయువు వచ్చి, దానంతటదే మండుతూ ఉంటుంది. రోమన్ రచయిత ప్లినీ దాని గురించి రాశాడు, అంటే దాదాపు 2,000 ఏళ్ళ కిందటి మాట. చూడాలని ముందు అనుకున్నది మా ఆయనే. రాత్రి ఆ కొండ మెట్లు నేను ఒక్కదాన్నే ఎక్కాను. "నువ్వైనా చూసిరా" అని పంపించారు. ఎవరో మంట మీద గిన్నె పెట్టి టీ కాస్తున్నారు. నాకు కూడా ఒక కప్పు ఇచ్చారు. తాగానుగానీ ఎక్కువసేపు ఉండబుద్ధి కాలేదు.

తర్వాతి ఊరు కాష్ చేరాక ఆయన నోరు విప్పారు. "ఇంకో రెండు ఊళ్ళు వదిలేద్దాం. ఇక్కడే ఉండిపోదాం."

"గది డబ్బు వెనక్కి రాదండీ."

"పోతే పోనీ. నాకేం కావాలో ఒక్కసారైనా అడిగావా?"

అడగలేదు. ఆ రోజే పర్సు ఆయన చేతికిచ్చాను.

తర్వాత ఖర్చు తగ్గింది, నేను ఊహించని విషయం అది. పాన్సియోన్ అనే ఇంటి తరహా బసలో పొద్దున ఆలివ్‌లు, తెల్ల జున్ను, టమాటా, దోసకాయ, గుడ్డు, రొట్టె, తేనె పెట్టేవారు. ఆలస్యంగా తింటే సాయంత్రందాకా ఆకలి ఉండేది కాదు. రాత్రికి లోకాంటా. అక్కడ వండిన కూరలు వేడిగా వరసగా ఉంటాయి, వేలు పెట్టి చూపిస్తే వడ్డిస్తారు. పప్పు సూపు మన పప్పుచారులాగే కడుపులో హాయిగా ఉండేది. సముద్రానికి ఎదురుగా ఉన్న ప్రాచీన నాటకశాలకు టికెట్టు లేదు. ఆ మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా గ్రీకుల మెయిస్ దీవి కనిపిస్తుంది. బజారు వీధిలో దుకాణాల మధ్యే ఎత్తయిన లిసియన్ రాతి సమాధి నిలబడి ఉంటుంది. తీరం వాడకంలో ప్రజాహితానికే మొదటి స్థానమని టర్కీ రాజ్యాంగం 43వ అధికరణం చెబుతుంది. మేం కుర్చీకి, గొడుక్కి డబ్బు కట్టాంగానీ సముద్రానికి కాదు. ఆ ఊళ్ళలో చవకగా బతకడం అక్కడివాళ్ళకు తెలుసు. వాళ్ళను చూసి నేర్చుకోవాల్సింది పోయి, నేను ఇంటి దగ్గరే లెక్క కట్టుకుని వచ్చాను.

చివరికి ఫెతియే చేరాం. అక్కడి చేపల బజారులో మధ్యన గుండ్రంగా చేపల బల్లలు, చుట్టూ హోటళ్ళు. బల్ల దగ్గర చేప మనమే కొని హోటల్లో ఇస్తే, వండినందుకు కొంత తీసుకుని రొట్టెతో, సలాడ్‌తో పెడతారు. మా ఆయన ఒక్కో చేప మొప్పలు ఎత్తి చూసి, ధర అడిగి, తీరిగ్గా ఎంచారు. పక్కన నిలబడ్డానుగానీ ఎంతయిందని అడగలేదు.

ఇంకోసారి వెళ్ళాలని మళ్ళీ కూడబెడుతున్నాం. ఈసారి అక్టోబరులో, ఎండ తగ్గి నీళ్ళు ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు. ఊళ్ళు రెండే: కాష్, చిరాలి. డోల్ముష్ ఖాళీ సీట్లకు విడిగా డబ్బు తీసిపెట్టాను.