పటాన్ని గోడ దించండి

మీ ఇంట్లో ఆరో ఏడో చదివే పిల్లలుంటే ఓసారి పిలిచి, "నదులు ఎటు పారతాయమ్మా?" అని అడగండి. "పైనుంచి కిందికి" అని టక్కున చెప్తారు. బాగుంది. "మరి పైన అంటే ఎటు?" అనండి. వేలు తిన్నగా గోడ మీది భారతదేశ పటంలో కాశ్మీరం వైపు లేస్తుంది.

సోషల్ చెప్పేవాళ్లకు బాగా తెలిసిన చిక్కే ఇది. పటం గోడకు వేలాడుతుంది కాబట్టి పిల్లల లెక్కలో ఉత్తరం మీద, దక్షిణం కింద. గంగా యమునలు హిమాలయాల్లో పుట్టి దిగొస్తాయాయె, అవీ ఆ నమ్మకానికి వంత పాడతాయి. "ఉత్తరం అంటే ఎత్తు కాదు నాయనా" అని బోర్డు మీద రాసి చూడండి, చక్కగా నోట్సులోకి ఎక్కించుకుంటారు. నమ్మరు.

అందుకని నేను మంజీరను పిలుచుకొస్తాను. మహారాష్ట్రలో బాలాఘాట్ కొండల్లో పుట్టి, ఆగ్నేయంగా నడిచొచ్చి, మన సంగారెడ్డి, మెదక్ ప్రాంతంలో ఒక్క మలుపు తిరిగి ఉత్తరం పడుతుంది. నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. సీమ పిల్లలకైతే పెన్న ఉంది. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి ఉత్తరంగా అనంతపురం జిల్లాలోకి వచ్చి, ఆ తర్వాతే తూర్పుకు మళ్లి నెల్లూరు దారి పడుతుంది. ఈ మాట చెప్పగానే వెనక బెంచీ నుంచి, "సార్, నీళ్లు పైకెట్లా ఎక్కినయ్?" అని వస్తుంది చూడండీ, పాఠం అప్పుడు మొదలైనట్టు.

ఇక పటాన్ని గోడ దించి వరండాలో పరచాలి. పటంలో ఉత్తరం నేల మీది ఉత్తరానికి సరిపోవాలి కదా, అదెటో పిల్లలనే కనిపెట్టమనండి. ఫోనులో దిక్సూచి ఉంటుంది గానీ కర్రకున్న రుచి దానికి లేదు. ఆవరణలో ఒక కర్ర నిటారుగా పాతి, మధ్యాహ్నం పన్నెండుకు కాస్త ముందు నుంచే ఐదేసి నిమిషాలకోసారి నీడ కొసన గులకరాయి పెట్టించండి. అన్నిటికన్నా పొట్టి నీడ ఉత్తర దక్షిణాలు చూపిస్తుంది. అందులో ఏది ఉత్తరమో, పొద్దున సూర్యుడు వచ్చిన వైపు చూసి వాళ్లే తేల్చుకుంటారు.

ఇక్కడో తమాషా ఉంది. హైదరాబాదులో డిసెంబరు నీడ ఉత్తరానికి పడితే, జూన్‌లో బడి తెరిచిన కొత్తల్లో దక్షిణానికి పడుతుంది! తెలుగు నేలంతా కర్కటరేఖకు, అంటే 23½ డిగ్రీలకు, దక్షిణానే ఉంది మరి. సూర్యుడు ఏడాదికి రెండుసార్లు మన నడినెత్తి మీదుగా దాటిపోతాడు. హైదరాబాదుకు అది మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి. ఆ రోజు నడిమధ్యాహ్నం కర్రకు నీడే ఉండదు. మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు. అయినా ఆశ వదులుకోకండి.

పటం పరిచాక చుట్టూ కూర్చోబెట్టండి. కాశ్మీరం వైపు కూర్చున్నవాడికి పేర్లన్నీ తలకిందులు. పైనా కిందా అన్న మాటలు అక్కడితో సరి. ఇప్పుడు పాత ఫ్లెక్సీ బేనరు తిరగేసి, తెల్లటి వెనక వైపు దక్కను పీఠభూమి గీయించండి. పడమటి అంచు కింద నాలుగు పుస్తకాలు దోపితే అవే పడమటి కనుమలు. నాసిక్ దగ్గర త్ర్యంబకం చోట వాటర్ బాటిల్ వంచమనండి. అరేబియా సముద్రం అక్కడికి సుమారు 80 కిలోమీటర్లే. అయినా నీళ్లు అటు చూడవు, పుస్తకాలకు వీపు తిప్పి తూర్పుకు జారతాయి. గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతం చేరడానికి కారణం ఆ వాలే. ఒకరిద్దరి చెప్పులు తడుస్తాయి, పరవాలేదు.

నాకున్న కోరిక ఒక్కటే. మ్యాప్ పాయింటింగులో గోదావరి గీత గీస్తే మార్కు వేస్తున్నాం. నీళ్లు ఎటు పోతాయో బాణం కూడా పెట్టమని అడిగి, దానికి ఇంకో మార్కు వేస్తే ఎంత బాగుంటుంది! గీత బట్టీ కొట్టొచ్చు, బాణం పెట్టాలంటే నేల వాలు తెలియాలి.

ఈలోగా మీ వీధిలో వాన నీళ్లు ఎటు పోతాయో మీరొకసారి చూసి పెట్టుకోండి. పిల్లలకు ఈ రుచి తగిలిందంటే మొదట అడిగేది మిమ్మల్నే.