నగరం చూడని విజయం

ఉక్కునగరం జంషెడ్‌పూర్‌కు అక్కడి ఫుట్‌బాల్ జట్టు గొప్ప కీర్తి తెచ్చిపెట్టింది. కాని ఆ కీర్తిని కళ్లారా చూసే భాగ్యం ఆ ఊరికి దక్కలేదు.

2022 మార్చి 7వ తేదీ రాత్రి గోవాలోని ఫతోర్దా స్టేడియంలో ఆట ముగిసినట్లు రిఫరీ ఈల ఊదాడు. ఇండియన్ సూపర్ లీగ్ పట్టికలో అగ్రస్థానాన నిలిచిన జట్టుకిచ్చే షీల్డు తొలిసారిగా జంషెడ్‌పూర్ ఫుట్‌బాల్ క్లబ్‌కు లభించింది. అయితే జయజయధ్వానాలతో మారుమోగవలసిన గ్యాలరీలు బోసిపోయి ఉన్నాయి. జట్టు ఏ ఊరి పేరు పెట్టుకున్నదో ఆ ఊరి జనం దేశానికి మరో కొసన టెలివిజన్‌లో మాత్రమే ఆ ఆట చూడగలిగారు.

ఆ ఊరికీ ఫుట్‌బాల్‌కూ ఉన్న అనుబంధం తెలిస్తేగాని ఇందులోని వెలితి అర్థం కాదు.

జంషెడ్‌పూర్‌లో కర్మాగారం కంటె ముందు పుట్టింది ఆటస్థలమే, కనీసం ఒక మనిషి ఊహలోనైనా. 1902లో జంషెడ్జీ టాటా విదేశాలనుండి తన కుమారుడు దోరాబ్‌కు ఒక లేఖ వ్రాశారు. కర్మాగారం ఎక్కడ వెలుస్తుందో కూడా అప్పటికి నిర్ణయం కాలేదు. అయినా తాము కట్టబోయే కార్మికనగరంలో వీథులు విశాలంగా ఉండాలనీ, నీడనిచ్చే చెట్లు నాటాలనీ, ఫుట్‌బాల్‌కూ హాకీకీ పెద్ద మైదానాలు విడిచిపెట్టాలనీ, గుడికీ మసీదుకూ చర్చికీ చోటు కేటాయించాలనీ ఆయన అందులో కోరారు. మరి రెండేళ్లకే ఆయన కన్నుమూశారు. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే తావున, సాక్చీ అనే పల్లె వద్ద నెలకొన్న కర్మాగారంలో 1912లో తొలి ఉక్కు తయారైంది. 1919లో ఆ ఊరికి ఆయన పేరు పెట్టారు.

ఉద్యోగాలు వెతుక్కుంటూ నానా ప్రాంతాలవారూ అక్కడికి తరలివచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. కదమాలోని ఆంధ్ర సంఘం, బిష్టుపూర్‌లో తెలుగు భక్తులు నెలకొల్పుకున్న రామమందిరం ఈ వలసకు గుర్తులు. ఇన్ని భాషల జనానికి ఉమ్మడిగా ఉన్నవి రెండు: కర్మాగారం, ఆటస్థలం.

1987లో ప్రారంభమైన టాటా ఫుట్‌బాల్ అకాడమీ ఈ సంప్రదాయానికి పదును పెట్టింది. చిన్న వయసులోనే కుర్రవాళ్లను ఎంపిక చేసి, బస, చదువు, శిక్షణ సమకూర్చింది. కార్ల్‌టన్ చాప్‌మన్, రెనెడీ సింగ్, మహేశ్ గావ్లీ, సుబ్రతో పాల్ వంటి జాతీయ ఆటగాళ్లు అక్కడ తయారైనవారే. అయితే తక్కిన నగరాలకు ఆటగాళ్లను అందించిన ఊరికి దేశంలోని అగ్రశ్రేణి లీగ్‌లో తన పేరు చెప్పుకునే జట్టు 2017 వరకు లేదు. ఆ ఏట టాటా స్టీల్ యాజమాన్యాన క్లబ్ వెలిసింది. జె.ఆర్.డి. టాటా క్రీడాప్రాంగణం దాని సొంత గడ్డ. అభిమానులు దానికి ముద్దుగా పెట్టుకున్న పేరు ‘కొలిమి’.

మూడు సీజన్లు గడిచాయో లేదో కరోనా విరుచుకుపడింది. కొలిమి చల్లారింది. 2020 నుండి రెండు సీజన్ల పాటు లీగ్ మొత్తం గోవాలోనే, బయటివారు అడుగుపెట్టరాని కట్టుదిట్టాల మధ్య జరిగింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే జట్టు రాటుదేలింది. శిక్షకుడు ఓవెన్ కాయిల్ స్కాట్లండ్‌లో పుట్టినవాడు. నూలుమిల్లులకు పేరు పడ్డ బర్న్‌లీ, బోల్టన్ పట్టణాల జట్లను ఇంగ్లండులో నడిపి వచ్చినవాడు. కార్మికుల ఊరికి ఫుట్‌బాల్ అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. 2021-22 సీజన్‌లో ఆడిన 20 ఆటల్లో ఆయన జట్టు 13 గెలిచింది, 4 సమం చేసింది, 3 మాత్రమే ఓడింది. గెలుపుకు మూడు, సమానానికి ఒకటి చొప్పున 43 పాయింట్లు వచ్చాయి. స్కాట్లండ్‌కే చెందిన గ్రెగ్ స్టూవర్ట్ పది గోల్స్ చేసి, మరి పది గోల్స్‌కు బంతి అందించి లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు.

చివరి లీగ్ ఆటలో ప్రత్యర్థి కలకత్తాకు చెందిన ఎ.టి.కె. మోహన్ బగాన్. వారు రెండు గోల్స్ తేడాతో గెలిస్తే షీల్డు వారిదే. 56వ నిమిషంలో రిత్విక్ దాస్ చేసిన ఏకైక గోల్‌తో ఆ అవకాశం చేజారింది. అది జంషెడ్‌పూర్‌కు వరుసగా ఏడవ గెలుపు. అయితే కొద్దిరోజులకే సెమీఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్ చేతిలో జట్టు ఓడిపోయింది. కప్పు హైదరాబాదుకు దక్కింది.

అమెరికాలో కళాశాల జట్టు ఆడే శనివారంనాడు ఊరంతా స్టేడియంలోనే ఉంటుందంటారు. ఆట అన్నది మైదానంలోని ఆటగాళ్లదెంతో గట్టున ఉన్నవారిదీ అంతే. జంషెడ్‌పూర్‌కు ఆ వాటా 2022 అక్టోబరులో గాని తిరిగి రాలేదు. అప్పటికి కాయిల్ లేడు, స్టూవర్ట్ లేడు. 11వ తేదీన సొంతగడ్డమీద ఒడిశాతో జరిగిన ఆటలో మొదటి పది నిమిషాల్లోనే రెండు గోల్స్ చేసిన జట్టు, చివరకు 3-2 తేడాతో ఓడింది. సీజన్ ముగిసేసరికి పదకొండు జట్లలో దానిది పదవ స్థానం.

షీల్డు వచ్చిన ఏట జనం లేరు. జనం వచ్చిన ఏట ఆట లేదు. ఇంకెక్కడైనా అయితే గ్యాలరీలు శాశ్వతంగా ఖాళీ అయ్యేవేమో! ఇక్కడ కాలేదు. 2025 ఏప్రిల్ 3న సెమీఫైనల్ తొలి ఆట సొంతగడ్డమీదే జరిగింది. ప్రత్యర్థి మళ్లీ మోహన్ బగానే. గడువు తీరి అదనపు క్షణాలు నడుస్తుండగా హావీ హెర్నాండెజ్ గోల్ చేసి జంషెడ్‌పూర్‌ను 2-1తో గెలిపించాడు. నాలుగు రోజుల తరువాత కలకత్తాలో జరిగిన రెండవ ఆటలో జట్టు ఓడి, పోటీనుండి తప్పుకున్నది. రికార్డు పుస్తకాల్లో ఈ ఏడాదికి షీల్డూ లేదు, కప్పూ లేదు. కాని ఈసారి గోల్ పడ్డప్పుడు ఊరు అక్కడ ఉన్నది.