వెనకడుగు వేయని బండి

కారుకు ముందుకు పోవడానికి నాలుగైదు గేర్లుంటాయి. వెనక్కి రావడానికి ఒక్కటే, అదీ సవతి బిడ్డ. తోటి గేర్లకు దక్కిన మర్యాదల్లో సగం కూడా దానికి దక్కలేదు. ముందు గేర్లకు ఏటవాలు పళ్ళుంటాయి, అవి ఎప్పుడూ ఒకదానితో ఒకటి పెనవేసుకొనే తిరుగుతాయి. గేరు మార్చినప్పుడు వేగాలు రెండూ సమమయ్యేందుకు నడుమ ఒక ఇత్తడి ఉంగరం రాయబారం నడుపుతుంది. సింక్రోమెష్ అనే ఈ సదుపాయాన్ని 1928లో క్యాడిలాక్ కారు మొదటిసారి తెచ్చింది. పాత చిన్న కార్లలో చాలావాటికి రివర్సు గేరు దగ్గర ఆ రాయబారి లేడు. రెండు చక్రాల మధ్యకు మూడో చక్రమొకటి పక్కగా జరిగివచ్చి దూరాలి. చక్రానికి చక్రం ఎదురు తిరుగుతుంది కనుక, మధ్యలో ఇంకొకటి చేరితే దిక్కు మారిపోతుంది. కిటుకంతా ఇంతే. ఆ చక్రాల పళ్ళు నిటారుగా ఉంటాయి. బండి వెనక్కి వచ్చేటప్పుడు వినబడే ఊళ వాటిదే.

అన్నట్టు, 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారులో రివర్సుదే పెద్దరికం. దానికి పెట్రోలు తన బరువుతోనే ఇంజనులోకి జారాలి. నిటారు గట్టు ఎదురైతే ఆ ధార ఆగిపోయేది. పైగా ముందు గేర్లకన్నా రివర్సుకే లాగుడు ఎక్కువ. అందుకని జనం బండిని తిప్పి, వీపు చూపిస్తూ కొండలెక్కేవారట.

మా నాన్నగారి మారుతీ 800కు అంత వైభవం లేదు. కాకినాడలో మా ఇంటి గేటులోంచి బయటపడాలంటే దానికి రివర్సే దిక్కు. ఆ గేరు పడడం మానేస్తే బండి ఉన్నా లేనట్టే. 2009లో లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేసిన నెలలోనే దాన్ని కొన్నారు. 2024లో రిజిస్ట్రేషను పొడిగించుకొని వచ్చిన రోజున ఇంట్లో పాయసం వండించారు. ఆయనకిప్పుడు డెబ్బై అయిదు.

"గేరుబాక్సు దింపాలి మాస్టారూ" అని తేల్చాడు మెకానిక్కు. హైదరాబాదు నుంచి నేను బయల్దేరుతుండగానే అక్క ఫోను చేసింది. "ఈ వంకతోనైనా ఆ బండి అమ్మించెయ్యరా తమ్ముడూ. ఆయన చేతిలో స్టీరింగు ఉందంటే నాకు నిద్ర పట్టడం లేదు." అంటే నేను చూడవలసిన రోగం బండి ఒక్కదానిదే కాదన్నమాట.

గేరు పడకపోవడంలో రెండు రకాలున్నాయి. సప్పుడు లేకుండా మొరాయించడం ఒకటి. పన్నుకు పన్ను ఎదురై నిలబడితే అలా జరుగుతుంది. న్యూట్రల్‌లో క్లచ్చి ఒకసారి వదిలి మళ్ళీ తొక్కినా, ముందు ఫస్టు గేరు వేసి ఆపైన రివర్సుకు మార్చినా దారి దొరుకుతుంది. రెండోది గర్రుమని అరవడం. లోపల ఒక చక్రం ఇంకా తిరుగుతూనే ఉందని దానర్థం. క్లచ్చి తొక్కిన తరువాత అది ఆగడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఎంతసేపు ఆగినా అరుపు మానకపోతే, క్లచ్చి పూర్తిగా విడిపోవడం లేదన్నమాట.

మా బండి అరుస్తోంది. ఇంజను ఆపి వేసి చూశాను, రివర్సు చల్లగా పడింది. కాబట్టి రాడ్డులోనూ దాని కీళ్ళలోనూ దోషం లేదు. ఇంజను వేసి, క్లచ్చి అడుగంటా తొక్కి, ఫస్టు గేరులో పెడితే బండి చీమలా ముందుకు పాకింది. ఇక గేరుబాక్సు జోలికి పోనక్కర్లేదు. క్లచ్చి కేబులు వదులైంది. దాని కొసనున్న నట్టు స్పానరుతో కాస్త బిగించాను. తరువాత నేను పదిసార్లు వేస్తే పదిసార్లూ పడింది.

నాన్నగారు కూర్చున్నారు. గర్ర్!

ఈసారి గేరు రాడ్డు చూడడం మాని ఆయన పాదం చూశాను. పెడలు అడుగుకు రెండంగుళాల పైన ఆగిపోతోంది.

"పూర్తిగా తొక్కండి నాన్నగారూ."

"తొక్కుతూనే ఉన్నా కదురా!"

ఆయన అబద్ధమాడడం లేదు. ఎడమ మోకాలు చాచినప్పుడు కలుక్కుమనే నొప్పి దగ్గర కాలు దానంతటదే ఆగిపోతోంది. మెదడుకు మాత్రం 'పూర్తయింది' అని కబురు పంపుతోంది. వదులైన కేబులు ఎప్పటి నుంచో ఉన్న ఆ సంగతిని బయటపెట్టిందంతే.

మోకాలి మాట ఎత్తకుండా, సీటు రెండు గుంటలు ముందుకు జరిపాను. కాలు అంతగా చాచే అవసరం తప్పింది. గేరు పడింది. స్టీరింగు బొజ్జకు దగ్గరైందని ఆయన విసుక్కున్నారు గానీ సీటు వెనక్కి జరపలేదు. వీధి చివరిదాకా పక్కన కూర్చొని వెళ్ళాను. బ్రేకు తొక్కేది కుడికాలు, దానిమీదే కన్నేసి ఉంచాను. సైకిలు కుర్రాడొకడు అడ్డం వచ్చినప్పుడు తడబడకుండా ఆపారు. దాన్నిబట్టి చీకట్లో కూడా అలాగే ఆపుతారనుకోవడం సాహసమే.

అక్కకు కేబులు సంగతి, మోకాలి సంగతి, రెండూ చెప్పాను. ఒకటి దాచి ఇంకొకటి చెబితే ఇద్దరిలో ఎవరో ఒకరికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "రాత్రిపూట తీయనని నాన్నచేత అనిపించు" అంది. ఫోను ఆయనకే ఇచ్చాను. భానుగుడి దాటి పోననీ, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరతాననీ బేరం కుదిరింది. ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్ళే విషయం మాత్రం వచ్చే నెలకు వాయిదా పడింది.

ఇప్పుడు అక్క క్లచ్చి పెడలే లేని బండి కొందామంటోంది. "మనిషికి రెండు కాళ్ళెందుకిచ్చాడమ్మా దేవుడు?" అని నాన్నగారు ఎగతాళి చేశారు. నిన్న నాకు ఫోను చేసి, అలాంటివి ఏ ఏ రంగుల్లో వస్తున్నాయని అడిగారు.