పరిగె గింజ, కోటా బియ్యం



ఒకటో తారీఖు వచ్చిందంటే రాజమహేంద్రవరం చుట్టుపక్కల మా పల్లెల్లో పొద్దున్నే రేషన్ డిపో ముందు మనుషులకంటే ముందు సంచులు వరసలో కూర్చుంటాయి. కడియం నర్సరీలకు కూలికి వెళ్లే అమ్మలు సంచి పెట్టి, పక్కామెకు చెప్పి, ఇంటికెళ్లి అన్నం వార్చి మళ్లీ వస్తారు. మా సంఘంలో చాలా కుటుంబాలకు ఆ సంచే నెలంతా ఆధారం.

ఈమధ్య ప్రార్థన ముగిశాక ఒక తల్లి మమ్మల్ని నిలబెట్టి అడిగింది. "అయ్యగారూ, కోటా బియ్యం తెచ్చుకోవడం అడుక్కోవడమేనాండీ? మా వాడు కాలేజీకెళ్తున్నాడు గదాండీ, సంచి పట్టుకుని లైన్లో నుంచోవడం నామోషీ అంటున్నాడు."

ఆ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. అందుకే ఈ వారం దాని గురించే రాస్తున్నాము.

వాక్యములో పరిగె అనే మాట ఉంది. మన పొలాల్లోనూ ఉంది. కోత అయ్యాక చేలో రాలిన వెన్నులను ఏరుకోవడమే పరిగె. లేవీయకాండము 19వ అధ్యాయంలో దేవుడు రైతుకు ఇచ్చిన ఆజ్ఞ చూడండి. పొలం అంచుల దాకా కోయవద్దు, రాలినదానికోసం వెనక్కి తిరగవద్దు, అది బీదలది, పరదేశులది అన్నాడు. దయ కలిగితే ఇమ్మనలేదు, విడిచిపెట్టమన్నాడు. రూతు బోయజు పొలంలోకి వెళ్లినప్పుడు బిచ్చగత్తెగా వెళ్లలేదు. ధర్మశాస్త్రం తనకు విడిచిపెట్టిన వాటాను ఒళ్లు వంచి ఏరుకుంది. ఆమె వంశంలోనే దావీదు పుట్టాడు. పరిగె ఏరిన చేతులను దేవుడు చిన్నచూపు చూడలేదు.

మా చిన్నప్పుడు ఇక్కడ కోతలయ్యాక పిల్లలు, ముసలమ్మలు పరిగెకు వెళ్లేవారు. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి. కూలికి కోత పని తగ్గింది, చేలో పరిగె కూడా తగ్గింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టాకు అన్నపూర్ణ అని పేరు. కానీ నారు పోసి, నాట్లు వేసి, కలుపు తీసినవారిలో చాలామందికి సెంటు భూమి లేదు. అన్నపూర్ణలో ఉన్నా బియ్యం కొనుక్కోవలసినవారే.

1983లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు మన పెద్దల ఇళ్లలో రాత్రి పూట కూడా పొయ్యి వెలిగిందని వాళ్లే మాకు చెప్పారు. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇంట్లో ఒక్కొక్కరికి నెలకు ఐదు కిలోలు, అంత్యోదయ కార్డు ఉన్న కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఆ బియ్యానికి డబ్బు తీసుకోవడం లేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, చట్టంలో రాసిన మాట హక్కు అని. పరిగె ఎలాగో ఇదీ అలాగే. మీ అబ్బాయికి చెప్పండమ్మా, నువ్వు తినే అన్నంలో నీ తల్లి నాటిన వరి ఉంది, నామోషీ పడకు అని. వీలైతే ఈ నెల సంచి అతణ్నే మొయ్యమనండి.

వాటా అయితే దాన్ని వాటాగానే చూసుకోవాలి కదా. వీధుల్లోకి వచ్చి కోటా బియ్యం కొనుక్కుపోయేవారు మనందరికీ తెలుసు. 2024 నవంబరులో కాకినాడ రేవులో విదేశాలకు వెళ్లబోయే ఓడలో రేషన్ బియ్యం దొరికిందన్న వార్త మీరూ చూశారు. మన సందులో పది కిలోలుగా బయలుదేరింది అక్కడికి చేరేసరికి పెద్దవాళ్ల వ్యాపారం అవుతుంది. మందులకు డబ్బుల్లేక అమ్ముకున్న అమ్మను మేము నిందించము. ఆమె సంచి కంటే ఆమె మందుల చీటీ ముందు చూడాలి. కానీ లావు బియ్యం నోటికి పోవడం లేదని మాత్రమే అమ్మేవారితో ఒక మాట. నానబోసి అట్లు పోసుకోండి, ఇడ్లీ రవ్వ పట్టించుకోండి. అదీ వద్దంటే పక్కింట్లో చాలనివారు ఎవరో అడగండి.

ఇంకొకటి. నీళ్లలో తేలే గింజలు చూసి ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేస్తున్నారు. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 విటమిను కలిపి గింజల్లా చేసి వంద గింజలకు ఒకటి చొప్పున కలిపినవి. రక్తం తక్కువైన ఆడవాళ్లకోసమే ముఖ్యంగా అది పెట్టారు. పారేయకండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో మొదటి సంఘంలో వచ్చిన గొడవ దేని గురించి? సిద్ధాంతం గురించి కాదు, రోజువారీ భోజనం పంచడం గురించి. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు వాటా అందడం లేదు. అపొస్తలులు ఆ ఫిర్యాదును సణుగుడని కొట్టిపారేయలేదు. ఏడుగురిని ఏర్పరచారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఆ పేర్లన్నీ గ్రీకు పేర్లే. వాటా అందనివారి బాధ తెలిసినవారి చేతికే పంపకం అప్పగించారు.

మా సంఘంలో ఒంటరిగా ఉండే మామ్మ ఒకామె రెండు నెలలు డిపోకు వెళ్లడం మానేసింది. ఎందుకు మామ్మగారూ అంటే చేతులు చూపించింది. "ఏలు పడట్లేదండి అమ్మగారూ. మట్టి పిసికి పిసికి గీతలరిగిపోయేయండి. నలుగురిలో నాలుగు సార్లు నొక్కించి పడలేదంటే సిగ్గేసి ఎల్లలేదండి." ఆ రెండు నెలలు ఆమె గంజి తాగి, పక్కింటివారు పెట్టింది తిని గడిపింది. నలభై ఏళ్లు మొక్కలకు మట్టి ముద్దలు కట్టిన వేళ్లు అవి. ఆ కష్టమే ఆమెకు అడ్డమైంది.

యౌవనస్థులు ఇద్దరు ఆమెతో సచివాలయానికి వెళ్లారు, ఆధార్ కేంద్రానికి వెళ్లారు, వేలిముద్రలు మళ్లీ ఇప్పించారు. మూడోసారి డిపోలో మిషను ఆమెను గుర్తుపట్టింది. మామ్మ ఆ రాత్రి అన్నం వండుకుని, మా ఇంటికీ ఒక గిన్నె పంపింది.

ప్రియులారా, ఇలాంటి చోట తెలిసి ఉండవలసినవి కొన్ని ఉన్నాయి. వేలిముద్ర పడలేదనో, ఆధార్ లేదనో అర్హులకు బియ్యం ఆపకూడదని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు రాసింది. మన రాష్ట్రంలో 2021 నుంచి బియ్యం బండి వీధికి వచ్చేది. 2025 జూన్ 1 నుంచి మళ్లీ డిపోలే ఇస్తున్నాయి. 65 ఏళ్లు దాటినవారికి, వికలాంగులకు మాత్రం ఇంటికి తెచ్చివ్వాలని ఏర్పాటు. కార్డు ఏ ఊరిదైనా దగ్గరున్న డిపోలో తీసుకోవచ్చు. అందకపోతే 1967కు ఫోను చేసి చెప్పవచ్చు. డీలరుతో తగవు అక్కరలేదు. మర్యాదగా, గట్టిగా అడిగితే చాలు.

అరణ్యంలో మన్నా కురిసినప్పుడు ఎక్కువ ఏరినవానికి మిగలలేదు, తక్కువ ఏరినవానికి తగ్గలేదు. అది దేవుని కొలత. మన డిపోలో కాటా మనిషిది కాబట్టి ఎవరికో ఒకరికి తప్పిపోతుంది. ఆ తప్పిపోయినవారు ఎవరో చూడటమే సంఘం పని. మా యౌవనస్థులు ఇప్పుడు ప్రతి నెలా పదో తారీఖున ఒంటరి ఇళ్లకు వెళ్లి ఒకే మాట అడుగుతున్నారు: బియ్యం అందాయా? మీ ఊళ్లో కూడా ఎవరో ఒకరు ఆ మాట అడగాలని మా కోరిక.

తండ్రీ, మా అనుదినాహారం కోసం నిన్ను అడిగేటప్పుడు, మా వీధి చివరి ఇంటి గిన్నె కూడా మాకు గుర్తు చేయుము. ఆమేన్.