మందులకు లొంగని దిగులు

చక్కెర కర్మాగారము 2015లో మూతపడగా, పని పోయి దిగులుపడిన మగవారిని జూచి మా బోధనులో మేమెల్లరమును జాలిపడితిమి. కారణము కానరాని దిగులుతో ఇల్లాలు మంచము పట్టినచో మాత్రము సోమరితన మందురు! అదియు వ్యాధియే.

మందులు మార్చినను తగ్గనిచో అయస్కాంత చికిత్స కలదు. ఈ యంత్రమును 1985లో ఇంగ్లండునందలి షెఫీల్డున ఆంథొనీ బార్కరు ప్రభృతులు కనిపెట్టిరి. 2008లో అమెరికా ప్రభుత్వ మీ వ్యాధికి దాని నంగీకరించెను. నుదుటి యెడమవైపున తీగచుట్ట నానించి, అయస్కాంతశక్తిచే మెదడును ప్రేరేపింతురు. మత్తు అక్కరలేదు, తెలివి తప్పదు. కరెంటు షాకు వేరు, ఇది వేరు. తలనొప్పి రావచ్చును, మూర్ఛ మిక్కిలి అరుదు. తలలో లోహపు ముక్కలున్నవారికి తగదు. అందరికిని గుణమిచ్చునని చెప్పజాలము.

వారమున కైదుదినముల చొప్పున నాలుగైదు వారములు పోవలెను. అందులకై హైదరాబాదున నుండవలసివచ్చినచో వంట యెవరు చేయుదురందురా? భర్తగారు చేయరాదా?