రాత్రిపూట ఆరిపోయే కెమెరా

అమ్మ ఒక్కతే ఉండే ఇంటికి గేటు దగ్గర కెమెరా పెట్టించాను. పగలు బానే ఉండేది. చీకటి పడగానే బొమ్మ ఆరిపోయేది, వచ్చేది, మళ్లీ ఆరిపోయేది. పోయినప్పుడల్లా అమ్మకి ఫోన్ చేసేవాణ్ణి. కెమెరా మార్చారు, కొత్తదీ అంతే.

సంక్రాంతికి వెళ్లినప్పుడు కెమెరాని విప్పి డీవీఆర్ పక్కన పెట్టి, చిన్న తీగతో కలిపి, లైటార్పి చూశాను. నిక్షేపంలా పనిచేసింది. అంటే జబ్బు తీగలో. చీకట్లో ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు వెలిగి కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది. సన్నటి తీగ పొడవునా వోల్టేజి పడిపోతుంది. అడాప్టర్ దగ్గర 12 వోల్టులు. రాత్రి గేటు దగ్గర కొలిస్తే 9.6. పగలు మీటర్ పెడితే ఈ దొంగ దొరకడు. లావు తీగ లాగించాం.

బొమ్మలో మెల్లగా పైకి పాకే అడ్డచారలు మాత్రం పోలేదు. అది ఎర్త్ గొడవ. కెమెరా లోహపు ఒళ్లు ఇనప స్తంభాన్ని తాకి అక్కడొక ఎర్త్, డీవీఆర్ దగ్గర ఇంకోటి; రెంటి మధ్యా వీడియో కేబుల్ మీదుగా 50 హెర్ట్జ్ కరెంటు పారుతుంది. మధ్యలో ప్లాస్టిక్ పెట్టె పెట్టి బిగించాక చారలు పోయాయి.

మొన్న అమ్మే ఫోన్ చేసింది. "కెమెరా బాగయ్యాక నీ ఫోన్లు రావట్లేదేంట్రా?"