ట్రాం షెడ్డులో దొరికిన ధైర్యం

సూరత్ నగరంలోని గోడాదరా ప్రాంతంలో, తెలంగాణ పల్లెలనుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాల నడుమ, ఒక వృద్ధ జాబరు నివసిస్తున్నారు. మరమగ్గాలు బాగుచేయడం ఆయన వృత్తి. ట్రాం షెడ్లు చూడడం ఆయన వ్యసనం. ట్రాములే లేని సూరత్‌లో ఈ వ్యసనం ఎలా పుట్టిందని ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది.

చిన్ననాట మేనమామ చెప్పిన మద్రాసు ముచ్చట్లే దానికి మూలం. అక్కడ 1895లో మొదలైన విద్యుత్ ట్రాములు 1953లో నిలిచిపోయాయి. బొంబాయిలో ఆఖరి ట్రాము 1964 మార్చి 31న నడిచింది. ఆయన సంపాదనపరుడయ్యేనాటికి చూడడానికి కలకత్తా ఒక్కటే మిగిలింది.

1986లో చీరల నమూనాల సంచితో ఆయన హౌరాలో దిగారు. మనసు మాత్రం కుదురుగా లేదు. తాను పనిచేసే షెడ్డులోని పన్నెండు పాత మగ్గాలను పాత ఇనుము కింద అమ్మివేయాలని సేఠు నిశ్చయించాడు. మగ్గాలే పోయాక జాబరుతో పనేమిటి?

ఆ రోజుల్లో హౌరా వంతెన మీదుగా ట్రాములు నడిచేవి; 1993లో అవి ఆగిపోయాయి. ఆ ట్రాములోనే ఆయన బడాబజారు చేరి సంచి అప్పగించారు. మర్నాడు నోనాపుకూర్ కర్మాగారం ద్వారం వద్ద నిలబడి, “నేనూ మరమ్మతు పనివాణ్ణే” అని వచ్చీరాని హిందీలో చెప్పుకొన్నారు. ఒక ముసలి మేస్త్రీ నవ్వి లోపలికి తీసుకువెళ్లాడు.

అక్కడ బండి కింద గుంటలో నిలబడి పైకి చూస్తే, ఇరుసుల పక్కన మోటార్లు కనిపించాయి. పైతీగలోని 550 వోల్టుల విద్యుత్తు కప్పుమీది కర్ర గుండా దిగి, డ్రైవరు తిప్పే పిడి అదుపులో మోటార్లకు చేరి, పట్టాల గుండా తిరిగి వెళుతుందని మేస్త్రీ వివరించాడు. ఒక మూల పనికిరాని బండి ఉంది. దాని భాగాలు విప్పి మరో రెండు బండ్లకు అమర్చుతున్నారు. “అరిగింది ఏదో తెలుసుకోకుండా మొత్తం పారేయడం పనివాడి లక్షణం కాదు” అన్నాడు మేస్త్రీ.

ఆ మాట ఆయన మనసులో నాటుకుంది. సూరత్ చేరగానే సేఠును నెల రోజులు గడువు అడిగారు. నాలుగు మగ్గాలను విప్పి, ఆ భాగాలతో ఎనిమిదింటిని నిలబెట్టారు. అవి మరి పన్నెండేళ్లు నడిచాయి. ఇద్దరు బిడ్డల చదువు వాటి మీదనే సాగింది.

కలకత్తాలో గుర్రాలు లాగే ట్రాము 1873లో, విద్యుత్ ట్రాము 1902లో వచ్చాయి. 2024 సెప్టెంబరులో, ఎస్‌ప్లనేడ్ నుండి మైదానం వరకు ఒక్క వారసత్వ మార్గం తప్ప మిగిలినవి నిలిపివేస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ వార్త విని ఆయన మనవరాలిని వెంటబెట్టుకొని బయలుదేరారు. గరియాహాట్ డిపోలో కదలని బండ్లు వరుసగా నిలిచి ఉన్నాయి. ఒక కార్మికుడు మాత్రం సాయంత్రపు బండికి గ్రీజు పూస్తున్నాడు. ఆయన చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయారు.

తిరుగు రైలులో మనవరాలు సూరత్‌లో సాగుతున్న మెట్రో పనుల ప్రస్తావన తెచ్చి, “ఆ షెడ్డులోకి మనల్ని రానిస్తారా తాతయ్యా?” అని అడిగింది.

“ద్వారం దగ్గర నిలబడి అడగాలమ్మా. అడిగితేనే గదా తెలిసేది!” అన్నారాయన.